పెంచలికి నీళ్లంటే భయం

మా చెల్లెలు పెంచలమ్మకు నీళ్లంటే భయమని మా అత్తవారింట్లో అందరికీ తెలుసు. ఆ మాట వాళ్లకు చెప్పింది నేనే.

మనుబోలు పక్కన మా పుట్టింటి ఊళ్లో ఎవరి బొక్కెన బావిలో పడినా పాతాళగరిగె కోసం వెతికేవాళ్లు కాదు. పాతాళగరిగె అంటే కొక్కేల ఇనుప గుత్తి. దాన్ని తాడుతో లోపలికి వదిలి, బొక్కెన తగిలేదాకా బావి అడుగంతా దేవుకోవాలి. ఒక్కోసారి ఒక పూట పని. అదెందుకని పెంచలిని పిలిచేవాళ్లు. అది పరికిణీ కచ్చ బిగించి మెట్లు దిగి మునిగేది. మేము గట్టున నిలబడి ముప్పై లెక్కపెట్టేలోగా బొక్కెనతో పైకి తేలేది. మా నాయన మా ఇద్దరికీ నడుముకు ఎండు సొరకాయలు కట్టి మోటబావిలో వదిలాడు. నేను మెట్టు వదిలిపెట్టలేదు. అది వారం తిరక్కుండా సొరకాయలు విప్పి పారేసింది.

దాన్ని మా మరిది గంగాధరానికి చేసుకుంటే బాగుంటుందన్న ఆలోచన కూడా నాదే. గంగాధరం విశాఖపట్నంలో నేవీలో పనిచేసేవాడు. 1961 మాఘమాసంలో నెల సెలవు మీద వచ్చాడు. వస్తూ ఒక వింత వస్తువు తెచ్చాడు. కళ్లూ ముక్కూ కలిపి మూసే అద్దం, దాని చుట్టూ నల్ల రబ్బరు, పక్కనే నోట్లో పెట్టుకునే వంకర గొట్టం. అది తగిలించుకుని నీళ్లలో బోర్లా పడుకుంటే అడుగున ఉన్నదంతా కనిపిస్తుందట. మా అత్త వెంకటశేషమ్మ దాన్ని చూసి, "ఏందిరా అబ్బయా, గుర్రానికి గుగ్గిళ్ల సంచి కట్టినట్టుండావు" అన్నది. గంగాధరం దాన్ని తీయకుండానే భోజనానికి కూర్చున్నాడు. ఇల్లంతా నవ్వారు.

అత్త పుట్టిల్లు దుగరాజపట్నం దగ్గర, కయ్య ఒడ్డున. కయ్య అంటే సముద్రపు పాయ లోపలికొచ్చి చెరువులా పరుచుకున్న ఉప్పునీళ్లు. అది సముద్రంలో కలిసే మొగ దగ్గర పాటు తీసి నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు పెద్ద ఇసకదిబ్బ బయటపడుతుంది. పడవ మాట్లాడుకుని అక్కడికి పోదామని గంగాధరం అన్నాడు. నేను వెంటనే పెంచలికి కబురు చేశాను. పెళ్లిచూపులని పేరు పెడితే, కుదరకపోయిన నాడు పిల్లకు మాట మిగులుతుంది. ఇదైతే అక్క ఇంటికి వచ్చింది, అందరితో కలిసి పడవెక్కింది, అంతే. ఎవరూ ఎవరినీ చూడటానికి రాలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. మా ఆయనకు చెబితే, "చూసుకోనీ, మంచిదే గదా" అన్నాడు. గంగాధరానికీ, పెంచలికీ ఎవరూ ఏమీ చెప్పలేదు గాని ఇద్దరికీ తెలుసు.

అత్త అన్నగారు పద్మనాభయ్య మామ ఇంట్లో ముందు రోజు రాత్రికి దిగి, తెల్లవారగానే బండి కట్టుకుని ఒడ్డుకు బయలుదేరాం. దారిలో అత్త ఏదో మాటకు కోట ఊళ్లో ఒక చుట్టాల కోడలి సంగతి ఎత్తింది.

"సైకిలు తొక్కతాదంట. వీధిలో మొగుడు వెనక కూచోనుంటే ఆ పిల్ల తొక్కతాదంట. నేనెవురినీ అనబళ్లా. ఆడపిల్ల అన్నాక కూసింత బెరుకు ఉంటేనే అందం."

పెంచలి నవ్వాపుకోలేక నా డొక్కలో మోచేత్తో పొడిచింది. నాకు నవ్వు రాలేదు. బండి దిగాక దాన్ని పక్కకు పిలిచి, "నువ్వు నీళ్లలోకి దిగబాక" అన్నాను.

"ఎందుకక్కా? ఆ అద్దం నేనూ పెట్టుకోవద్దా? రాత్రంతా దాని గురించే అనుకుంటుండినా."

"పెళ్లయినాక పెట్టుకుందువు. జీవితమంతా పెట్టుకుందువు. ఈ ఒక్క రోజు ఓర్చుకో."

అది సిగ్గుపడి తల వంచుకున్నది. పెళ్లయినాక అన్న మాట దానికి నచ్చిందని తెలిసిపోయింది.

పడవ మాలకొండయ్యది. మోకాళ్ల దాకా పంచె ఎగగట్టిన నడివయసు మనిషి. మునుపెన్నడూ ఆడవాళ్లను ఎక్కించుకోలేదని, ఇంట్లో దాన్నయినా ఎక్కించలేదని, పద్మనాభయ్య గారు అడిగారు గనక కాదనలేకపోయానని చెప్పుకున్నాడు. అత్త అంచు పట్టుకుని దేవుళ్లందరినీ తలుచుకుంటూ ఎక్కింది. నేను ఎక్కేటప్పటికి పడవ ఒక పక్కకు ఒరిగి మా ఆయన మీద పడ్డాను. పెంచలి మడమ లోతు నీళ్లలో రెండడుగులు వేసి, పడవ ఊపు చూసుకుని, అది కిందికి దిగే క్షణంలో లోపల కాలు పెట్టింది. పడవ కదల్లేదు.

మాలకొండయ్య గడ పట్టుకుని దాన్నే చూశాడు.

"ఈ అమ్మణ్ణికి నీళ్లు కొత్తగాదే. ఆ అడుగే చెప్తాండాది. ఈత వచ్చునా అమ్మణ్ణీ?"

గంగాధరం తలెత్తి చూశాడు. అత్త కూడా చూసింది. అత్త ఆ చూపులో ఏమున్నదో ఈనాటికీ నాకు తెలియదు. ఊరికే చూసి ఉండవచ్చు. కాని నాకు కోట కోడలు, సైకిలు గుర్తొచ్చాయి.

"ఈతా? మా పెంచలికా?" అన్నాను. "దానికి నీళ్లంటే భయం. కాలవ దాటాలన్నా నా చెయ్యి పట్టుకుంటాది."

"నిజమేనా?" అన్నాడు గంగాధరం, నవ్వుతూ, పెంచలినే అడుగుతూ. అతను దానితో నేరుగా మాట్లాడటం అదే మొదలు.

పెంచలి నావైపు చూసింది. అక్క అబద్ధమాడిందని అత్తవారి ముందు చెప్పగలదా?

"అవును" అన్నది.

మాలకొండయ్య గడ వేసి పడవను లోతుకు నెట్టాడు.

దిబ్బ చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. చుట్టూ నీళ్లు, నడుమ పసుపుపచ్చటి ఇసక, మనిషి జాడ లేదు. మాలకొండయ్య ఒక చోట చేతులతో చెలమ తీశాడు. ఉప్పునీళ్ల మధ్య ఆ గుంటలో తియ్యటి నీళ్లు ఊరుతుంటే అత్త దోసిలితో తాగి, "కొబ్బరినీళ్లే" అన్నది. తర్వాత గొడుగు వేసుకుని కూర్చుని మోకాళ్ల మీద వేడి ఇసక పోయమని నాకు పురమాయించింది. నేను పోస్తూ ఉన్నాను. ఆమె కళ్లు మూసుకుని, "ఇంకా పొయ్యవే రాఘవా, గుంటూరు డాక్టరు ఇచ్చిన తైలం ఎందుకూ పనికిరాదు దీని ముందర" అంటూ ఉన్నది. మా ఆయన మొహాన తువ్వాలు వేసుకుని నిద్రపోయాడు. పులిహోర గిన్నె చుట్టూ చీమలు లేవని నేను ఆశ్చర్యపోయాను. ఆ ఒక్క పూట మా ఇంట్లో ఎవరికీ ఏ పనీ లేదు.

గంగాధరం అద్దం తగిలించుకుని నీళ్ల మీద బోర్లా తేలుతూ దిబ్బ చుట్టూ తిరిగాడు. గొట్టం ఒక్కటే పైకి కనపడేది. మాలకొండయ్య ఒడ్డున బీడీ కాలుస్తూ, "మాకు ఆ అద్దాలెందుకు సామీ, కళ్లు తెరుసుకోనే మునుగుతాం. మంట పుడితే ఏడుస్తాం" అన్నాడు. గంగాధరం లేచి వచ్చి, నీళ్లు కారుతూ మా ముందు నిలబడి, చూసినవన్నీ చెప్పాడు. వేలెడు చేపలు గుంపుగా పోతున్నాయట. నక్షత్రం లాంటి జీవి ఒకటి ఇసకలో నడుస్తున్నదట. అతను నాకు చెబుతున్నాడు గాని, వింటున్నది పెంచలి. మెడ ముందుకు చాచి, పెదాలు కొంచెం తెరిచి, గుక్క పట్టడానికి సిద్ధంగా ఉన్నట్టు.

"వదినా, మీ చెల్లెల్ని రమ్మను. లోతు లేదు. పాటు అయిపోయింది, పోటు ఇంకా మొదలవలేదు. నీళ్లు నిలబడి ఉండాయి. ఈ గంట దాటితే ఇంత తేటగా ఉండవు. నేను దూరంగా ఉంటా, నువ్వు పట్టుకో."

రెండోసారి నాకు అవకాశం వచ్చింది. అత్త కళ్లు మూసుకునే ఉన్నది. నేను ఇసక పోస్తూ, "వద్దులే, కేకలు పెడతాది" అన్నాను.

గంగాధరం ఒక్క క్షణం పెంచలి వైపు చూశాడు. అది చీర కొంగు వేలికి చుట్టుకుంటున్నది. అతను అద్దాన్ని నా పక్కన పెట్టి, వెళ్లి మాలకొండయ్య దగ్గర కూర్చున్నాడు. తర్వాత వాళ్లిద్దరూ వలల గురించి మాట్లాడుకున్నారు.

మా ఆయన నిద్ర లేచి, "నువ్వన్నా చూడవే, ఇంత దూరం వచ్చి" అన్నాడు. నాకు నిజంగానే భయం. ఒక్కదాన్నే పోలేక పెంచలిని తోడు రమ్మన్నాను. భయమున్న పిల్ల కూడా అక్క చెయ్యి పట్టుకోవడానికి రావచ్చు గదా. నడుము లోతుకు వెళ్లాం. మగవాళ్లు అటు తిరిగి కూర్చున్నారు. పెంచలి అద్దాన్ని నా మొహానికి బిగించింది. ఎవరూ చెప్పకుండానే ముందు దాన్ని నీళ్లలో ముంచి తడిపింది. నా చెయ్యి పట్టుకుని, "ఊపిరి గొట్టంతోనే తీసుకో అక్కా, కంగారు పడబాక" అన్నది.

నేను వంగాను.

అంత వెలుతురు నీళ్ల కింద ఉంటుందనుకోలేదు. ఇసక మీద ఎండ వల పరిచినట్టు కదులుతున్నది. ఒక బుల్లి పీత గవ్వను మోసుకుంటూ నా మట్టెల పక్కనుంచి పోయింది. గాజు లాంటి చేపపిల్లలు, లోపలి ముల్లు కూడా కనపడేంత పలచటివి, నా చీర కుచ్చిళ్లలో దూరి బయటికి వచ్చాయి. నా పాదాలు ఇసకలో కూరుకుపోయి ఉన్నాయి. పక్కనే పెంచలి పాదాలు. చూస్తుండగానే అవి ఇసక నుంచి లేచాయి. మెల్లగా, చప్పుడు లేకుండా, వెనక్కి చాచుకుని, నీళ్లలో తేలాయి. పట్టీలు ఎండలో మెరిశాయి. పైన నా చెయ్యి పట్టుకున్న దాని చెయ్యి కొంచెం కూడా కదల్లేదు. ఒడ్డు నుంచి చూసేవాళ్లకు మెడ దాకా నీళ్లలో వంగి నన్ను పట్టుకుని నిలబడ్డ పిల్లే కనిపిస్తుంది. కింద మాత్రం అది తేలుతున్నది. ఎంతసేపో నాకు తెలియదు. తర్వాత ఆ పాదాలు దిగి మళ్లీ ఇసకను పట్టుకున్నాయి.

నేను తలెత్తి అద్దం తీశాను.

"ఏం కనపడిందక్కా?"

ఒడ్డు నుంచి అత్త, "చాల్లే రండే, తడిసిన చీరలతో జలుబు చేస్తాది" అని పిలుస్తున్నది.

"ఏముండాదే, ఇసక" అన్నాను. పెంచలి చూడలేకపోయినదాన్ని గొప్పగా చెప్పడమెందుకు, ఏమీ లేదంటే దానికీ బాధ ఉండదు గదా అనుకున్నాను. ఇన్నేళ్లుగా అట్లాగే అనుకుంటున్నాను.

ఇంటికి వచ్చిన మూడో రోజున, అత్త బియ్యం చెరుగుతుండగా గంగాధరమే సంగతి ఎత్తాడు.

"పిల్ల మంచిది వదినా. నెమ్మదైంది. కాని నేను ఆరేసి నెలలు ఓడ మీద ఉంటా. మా క్వార్టర్సు సముద్రం ఒడ్డునే. గాలివాన వస్తే తలుపుల దాకా హోరు. నీళ్లంటే భయపడే పిల్లను తీసకపోయి ఆడ ఒంటరిగా పెట్టి, నేను నీళ్ల మీద తిరగతా ఉంటే, ఆ పిల్ల రోజూ ఏడస్తా కూచుంటాది. అది పాపం."

అప్పుడైనా చెప్పవలసింది. ఒక్క మాట. మా చెల్లెలు మోటబావి అడుగు నుంచి బొక్కెనలు తెస్తుందని. కాని అత్త చేట ఆపి నా మొహం చూస్తున్నది. పడవలో అంతమంది ముందు అన్న మాట అబద్ధమని ఆమె ఎదుట ఎట్లా ఒప్పుకోవడం? పెళ్లి కుదర్చడానికి అబద్ధమాడిన కోడలు ఇంకెన్ని ఆడిందో అనుకోదా? నాకు అప్పటికి కాపురానికొచ్చి నాలుగేళ్లే.

"నిజమే లే అబ్బయా" అన్నాను.

మరుసటి ఏడు గంగాధరానికి సూళ్లూరుపేట సంబంధం కుదిరింది. పెళ్లయిన కొన్నాళ్లకు విశాఖపట్నం నుంచి ఫొటో వచ్చింది. కొత్త కోడలు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మోకాలి లోతు కెరటాల్లో నిలబడి నవ్వుతున్నది. అత్త ఆ ఫొటోను వచ్చిన వాళ్లందరికీ చూపించింది. "చూసినావా, ఎంత ధైర్యమో పిల్లకి" అని మురిసిపోయింది. నేను కాఫీ గ్లాసులు కడగడానికి లోపలికి వెళ్లాను.

పెంచలిని ఉదయగిరి వైపు ఇచ్చారు. మెట్ట ఊరు. పెనిమిటి హజరత్తయ్య చెడ్డవాడు కాదు, మాట తక్కువ. పెళ్లి మాటలప్పుడు మా అత్త కూడా వచ్చి, "నీళ్లన్నా భయమే ఈ పిల్లకి, అంత బెరుకు" అని వియ్యాలవారికి మెచ్చుకోలుగా చెప్పింది. పెంచలి తల వంచుకుని విన్నది.

పోయిన వేసవిలో, అంటే ఆ పడవ ప్రయాణమైన ఎనిమిదేళ్లకు, దాని ఇంటికి వెళ్లాను. ఇద్దరు ఆడపిల్లలు. దొడ్లో బావి. మెట్లున్నాయి, నీళ్లు బాగా కిందికి పోయి ఉన్నాయి. వంటింటి గోడకు పాతాళగరిగె వేలాడుతున్నది.

సాయంత్రం నీళ్లు తోడుతుంటే తాడు తెగి బొక్కెన పడింది. పెంచలి వెళ్లి పాతాళగరిగె తెచ్చింది. గట్టు మీద వంగి తాడు వదిలి, అటూ ఇటూ లాగుతూ దేవసాగింది. ఎంతసేపటికీ తగలదు.

"ఇంట్లో ఎవురూ లేరు గదే, మీ ఆయన చేలోకి పోయినాడు. దిగరాదా?" అన్నాను.

"నాకు నీళ్లంటే భయం గదక్కా" అన్నది. వెక్కిరింపు లేదు. నవ్వింది కూడా. "పిల్లలకూ అట్టే తెలుసు."

తాడు గట్టుకు రాచుకుంటున్నది.

"పెంచలీ. ఆ రోజు అద్దంలో కనపడింది ఇసక ఒకటే కాదే" అన్నాను.

దాని చేతులు ఆగాయి. తాడు బిగిసి ఉన్నది. అది బావిలోకే చూస్తూ, చాలా మెల్లగా అన్నది.

"ఇప్పుడు చెప్పబాక అక్కా. కొక్కెం తగిలినట్టుండాది. కదిలితే జారిపోతాది."

నేను పోయి, దాని వెనక నిలబడి తాడు పట్టుకున్నాను.