బూట్లు విప్పాల్సిన గది

1999లో నాగేశ్వరి మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో లైబ్రేరియన్‌గా చేరింది. ఆ లైబ్రరీ గొప్పంతా లోపలి ఏసీ గదిలో ఉండేది: ఒక కంప్యూటర్, విదేశీ సాంకేతిక పత్రికలు ఎక్కించిన సీడీలు. వెతికితే కావలసిన వ్యాసం దొరుకుతుంది. వెతకడానికి మాత్రం ఎవరూ రారు.

చుట్టుపక్కల బండలు పేలుస్తున్న రోజులవి. దుమ్ము రాకూడదని మేనేజరు సీతారామాంజనేయులుగారు ఆ గది తలుపు మీద 'పాదరక్షలు బయటే విడవవలెను' అని రాయించారు. నాగేశ్వరికి అది సబబుగానే తోచింది. గది సంగతి జనానికి తెలియదేమోనని క్యాంటీన్‌లో నోటీసు పెట్టింది. తర్వాత ఇంకా పెద్ద అక్షరాలతో మరొకటి పెట్టింది. ఒకాయన సమోసా తింటూ దాన్ని మొత్తం చదివాడు. ఆయనా రాలేదు.

చివరికి ప్రోగ్రామర్ నరేందర్‌ను ఆపి అడిగింది. "పుస్తకాల కోసం రోజూ వస్తారు కదండీ, సీడీల గదిలోకి ఎందుకు రారు?"

నరేందర్ తన కాళ్ల వంక చూసుకున్నాడు. "బూట్లు విప్పాలె గదా మేడం. విప్పి, మళ్ల లేసులు కట్టేసరికి లంచ్ అయిపోతది. నా సాక్సులు గూడ అంత మంచిగుండవు."

"అంతేనా?"

"అంతే."

ఆమె మేనేజరు దగ్గరికి వెళ్లి, సీడీలతో సహా కంప్యూటర్‌ను బయటి హాల్లో పెట్టిద్దామంది.

"దుమ్ముకి పాడైపోతుందమ్మా," అన్నారాయన.

"ఎవరూ ముట్టుకోకుండా పాతబడిపోతోందండి."

ఆయన ఆలోచించి, "పాడైతే మీదే బాధ్యత," అన్నారు. సరేనని బయటికి వచ్చాక ఆమెకు భయం వేసింది. పాత కర్టెన్ గుడ్డతో కంప్యూటర్‌కు ముసుగు కుట్టింది.

ఈసారి జనం వచ్చారు. కూర్చుని, కాసేపు తెర వంక చూసి, లేచి వెళ్లిపోయారు. అసలు రాకపోవడం కన్నా ఇదే ఆమెకు ఎక్కువ బాధనిపించింది. నరేందర్ వచ్చినప్పుడు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. తెర నిండా సీడీలు అమ్మిన కంపెనీల పేర్లే ఉన్నాయి.

"ఇందుల నాకు కావాల్సింది ఏడుంది మేడం?"

"మీకేం కావాలండి?"

"రెండు వేల సంవత్సరం రాంగనే మా ప్రోగ్రాంల తారీఖులన్ని తప్పు చూపిస్తయి. గదెట్ల సరిజెయ్యాల్నో కావాలె."

నాగేశ్వరి ఆ సంగతి ఏ సీడీలో ఉందో వెతికి, అతని మాటలనే ఇంగ్లీషులో టైపు చేసి, తెర మీద ఆ సీడీకి అదే పేరు పెట్టింది. తర్వాత వచ్చిన ప్రతివాళ్లనూ అదే ప్రశ్న అడిగింది. వాళ్ల మాటలే తెర మీద పేర్లయ్యాయి. ఒక పేరు, 'ప్రింటర్ మొరాయించినప్పుడు'.

మేనేజరు వచ్చి చదివారు. "ఇవి లైబ్రరీ పేర్లలా లేవమ్మా."

"లేవండి," అంది నాగేశ్వరి.

ఆయన ఇంకేదో అనబోయారు గానీ, వెనక నిలబడినవాళ్లు జరగమన్నారు.

నరేందర్‌కు తారీఖుల వ్యాసం దొరికింది. సగం చదివి, "అరే, తప్పు నాదే," అనుకుంటూ హడావుడిగా తన సీటుకు వెళ్లిపోయాడు. ఆమెకు థాంక్స్ చెప్పాలని కూడా తోచలేదు. నాగేశ్వరి ఏమీ అనుకోలేదు. ఆ కుర్చీలో అప్పటికే ఇంకొకరు కూర్చున్నారు.