పులిసిన పిండి

కోడలు బేకరీ నడుపుతుంది. ముందు గదిలో ఓవెన్లు, పిండి కలిపే యంత్రం. వెనక గదుల్లో కాపురం. ఆ కాపురంలోకి అత్తగారి కొడుకు, ఏం బుద్ధి పుట్టిందో ఏమో, దూడంత కుక్కను తెచ్చిపెట్టాడు. వాసన పట్టే వేటజాతి. చెవులు నేల ఊడుస్తుంటాయి, మూతినుంచి చొంగ తీగలు సాగుతుంటుంది. ముక్కు నేలకు ఆనించిందంటే ఎవరు పిలిచినా పలకదు. పిల్లలు దానికి దొరగారని పేరు పెట్టారు. అత్తగారికి మాత్రం అది ‘ఆ జంతువు’. చిన్నప్పుడు ఓ కుక్క ఆవిడ పిక్క పట్టుకుంది. అప్పటినుంచీ కుక్కంటే చాలు, ఒంట్లో నెత్తురు గడ్డకట్టుకుపోతుంది. దొరగారు హాల్లో ఉంటే ఆవిడ తన గదిలో గడియ పెట్టుకుని ఉంటుంది.

ఆ మధ్యాహ్నం కొడుకు ఉద్యోగానికి, పిల్లలు బడికి వెళ్లారు. కోడలు ఏదో పెళ్లికి కేకులు అందించడానికి పోయింది. ముందు గదిలో ఏదో దభీమని పడిన చప్పుడైంది. అత్తగారు కదల్లేదు. కాసేపటికి తన తలుపు మీద గోళ్ల గీకుడు. సందులోంచి చూసింది. ఆ జంతువు తాగినవాడిలా తూలుతోంది. కాళ్లు ఒకదానికొకటి మెలిపడుతున్నాయి, మూతి నిండా నురగ. పిచ్చెక్కిందనుకుంది ఆవిడ. తలుపు బిగించి, కోడలికి ఫోన్ చేసింది.

కోడలి గొంతు మారిపోయింది. రేపటి బన్నులకని తడిగుడ్డ కప్పి పెట్టిన పిండి ఉందో లేదో చూడమంది.

“నేను బయటికి రాను. చంపేస్తుంది.”

“అత్తయ్యా, దానికి పిచ్చి కాదు. ఈస్ట్ వేసిన పచ్చి పిండి తిన్నట్టుంది. కడుపులో ఇంకా పొంగుతుంది, సారాలా నిషా ఎక్కుతుంది. పొట్ట ఉబ్బి మెలిపడితే బతకదు. నేనొచ్చేదాకా ఆగితే లాభం లేదు.”

అత్తగారు చీపురు అడ్డం పెట్టుకుని తలుపు తీసింది. దొరగారు గుమ్మంలోనే కూలబడి ఉంది. గోడకు అతుక్కుని దాన్ని దాటింది. ముందు గదిలో పిండి టబ్బు పక్కకు దొర్లి పడి ఉంది. లోపల కడిగినట్టు నాకేసి ఉంది. ఆ మాట ఫోన్లో చెప్పి, చీపురు చేతిలో ఉందన్న ధ్యాసే లేకుండా ఎదురింటి ప్లంబరు దగ్గరికి పరుగెత్తింది.

అతను వ్యాన్ గుమ్మం దాకా తెచ్చాడు. దుప్పటి మీదికి దొర్లించి ఎత్తబోతే దొరగారు గుర్రుమంది.

“నడుము నేను మోస్తాను. తల మీరు పట్టుకోవాలి పెద్దమ్మా,” అన్నాడు.

ఆవిడ కళ్లు మూసుకుని పట్టుకుంది. పళ్లు మణికట్టుకు తగిలాయి. కరవలేదు. వ్యాన్‌లో పైపుల మధ్య చతికిలబడితే ఆ బరువైన తల ఆవిడ ఒళ్లో పడింది. చెయ్యి పొట్ట మీద వేసి చూసింది. డోలులా బిగిసి ఉంది. ఊపిరి ఆగుతోంది, మళ్లీ అందుకుంటోంది. ఆగినప్పుడల్లా ఆవిడ ఊపిరీ ఆగింది. కరుస్తుందన్న భయం ఎటు పోయిందో తెలీదు. ఆ చోట్లో అంతకంటే పెద్ద భయం వచ్చి కూచుంది. పిల్లలు బడినుంచి వచ్చి అడిగితే ఏం చెప్పను?

“చావకు,” అంది దాని చెవిలో, కసురుకుంటున్నట్టు. “నా చేతుల్లో మాత్రం చావకు.”

పశువుల డాక్టరు దాన్ని లోపలికి తీసుకెళ్లి తలుపు వేశాడు. చేతులకు క్రీముతోనే కోడలు పరుగెత్తుకొచ్చింది. టబ్బు ఎత్తు మీద పెట్టాల్సిందని ఏడ్చింది. అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది.

చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చాడు. గొట్టం వేసి చన్నీళ్లతో కడిగాడట, పిండి చాలావరకు వచ్చేసిందట. ఇంకాస్త ఆలస్యమైతే పొట్ట కోయాల్సి వచ్చేదన్నాడు. గండం గడిచినట్టేనని, రేపు తీసుకెళ్లొచ్చని చెప్పాడు. అప్పుడు అత్తగారు ఏడ్చింది.

మర్నాడు దొరగారు నీరసంగా ఇంటికొచ్చింది. అందరినీ వాసన చూసి, తిన్నగా అత్తగారి వైపు అడుగేసింది. ఆవిడ పాత భయంతోనే గభాల్న మంచం ఎక్కేసింది. పిల్లలు పగలబడి నవ్వారు. ఆవిడా నవ్వింది గానీ, దాన్ని కట్టేసేదాకా కిందికి దిగలేదు.