వెనక్కి ఎగిరే మంచం

హెడ్‌ఫోను తగిలించుకునే ముందు అమ్మణ్ణి పాపిటకు కుడిపక్కన వేలితో తడిమి చూసుకుంది. ఇనుప పట్టీ ఆనే చోట జుట్టు పలచబడి సన్నని గాడిలా అయింది. పట్టీని సరిగ్గా ఆ గాడిలో కూర్చోబెడితే సాయంత్రం దాకా ఫరవాలేదు. కాస్త పక్కకు జరిగిందంటే మధ్యాహ్నానికే తలపోటు. పూలు కూడా అందుకే ఆమె మెడ మీదికి, బాగా కిందికి పెట్టుకుంటుంది.

మూసాపేటలో నీళ్ల పంపులు తయారుచేసే ఆ కర్మాగారంలో టెలిఫోను గది మెట్ల కింద ఉంది. లేచి నిలబడితే మెట్ల అడుగు తలకు కొట్టుకుంటుంది కనుక, ఎవరు వచ్చినా అమ్మణ్ణి కూర్చునే మాట్లాడుతుంది. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు మొదట్లో ఆమెకు మర్యాద తెలియదనుకుంటారు. తర్వాత తామూ ఒకసారి తల కొట్టుకుని అర్థం చేసుకుంటారు. చిన్న కిటికీలోంచి మాదాపూర్ వైపు బండరాళ్లు, వాటి మధ్య మేకలు కనబడతాయి. ఎదురుగా చెక్కబోర్డు. దాని నిండా రంధ్రాలు, ఒక్కో రంధ్రం మీద ఒక్కో చిన్న ఇత్తడి రెక్క. కర్మాగారంలో ఎవరు ఫోనెత్తినా వాళ్ల రెక్క టప్పున పడుతుంది. ఆ రంధ్రంలో తీగ గుచ్చి, “నంబర్ ప్లీజ్” అనాలి. ఇరవై ఆరో ఏట మొదలుపెట్టిన మాట. ఇప్పుడు నలభై దాటాయి.

ఈరోజు ఆమె ఆలస్యంగా వచ్చింది. చౌరస్తాలో ఎల్లేశం కొట్టు దగ్గర నిలబడిపోయింది.

“పేపర్ల బండి రాలేదమ్మా. టైరు పంచరయిందంట. వచ్చినంక మీ గేటుకాడ ఇచ్చిపోనా?” అన్నాడు ఎల్లేశం.

“వద్దు. నిలబడతాను.”

“గంత గనం ఏముందమ్మా అండ్ల?”

“సీరియల్ ఈ వారంతో అయిపోతోంది. భూతం తుమ్ముతుందో లేదో చూడాలి.”

ఎల్లేశం ఆమె ముఖంలోకి చూశాడు. వేళాకోళం అనుకోవడానికి లేకుండా ఉంది ఆ ముఖం. “మంచిగున్నది. కంపెనీ ఆగుతది, భూతం ఆగదు,” అని తన పనిలో పడ్డాడు.

వారపత్రిక చేతికి వచ్చాక ఆమె దాన్ని విప్పకుండా టిఫిను సంచిలో పెట్టుకుంది. ముందుగా చదవకూడదు. అది వాళ్ల ముగ్గురి నియమం.

నాలుగేళ్ల కిందట ఒక వానాకాలం మధ్యాహ్నం లైన్లు కలిసిపోయి, ఆమె హెడ్‌ఫోనులో ఎవరో మగమనిషి తనకు తానే పైకి చదువుకుంటున్న గొంతు వినబడింది. బద్ధకిష్టి యువరాజు నిదానవర్మ, అతని ఎగిరే నవారు మంచం. ఆ మంచం వెనక్కి మాత్రమే ఎగురుతుంది. అందుకని యువరాజుకు తాను వదిలి వెళ్తున్న ఊళ్లే తప్ప, చేరబోయే ఊరు ఎప్పుడూ కనబడదు. మంచం కోడు పట్టుకుని వేలాడే జలుబు భూతం ఒకటి. అది తుమ్మినప్పుడల్లా ఎవరో ఒకరు ఏదో ఒకటి అయిపోతారు. మంత్రి ఆవకాయ జాడీ అయిపోయి, ఆ జాడీలోంచే కొలువులో సలహాలు ఇస్తున్నాడు.

చదువుతున్న మనిషి ఉన్నట్టుండి ఆగి, “లైన్ల ఎవరన్న ఉన్నరా?” అన్నాడు.

“ఉన్నానండి. ఆపకండి,” అంది అమ్మణ్ణి.

అతను రామచంద్రం. బాలానగర్ దగ్గర మరో కంపెనీ వాళ్ల దవాఖానలో టెలిఫోను ఆపరేటరు, వరంగల్ వైపు మనిషి. కొన్నాళ్లకు సనత్‌నగర్ గాజు కంపెనీ బోర్డు మీద పనిచేసే సీతాబాయి కూడా చేరింది. ప్రతి శుక్రవారం, ఆఫీసర్లు భోజనానికి వెళ్లే వేళకు అమ్మణ్ణి రెండు బయటి లైన్లను తన బోర్డు మీద ఒకటిగా కలిపేది. ఒకరు చదవాలి, ఇద్దరు వినాలి. వినేవాళ్లు ఊఁ కూడా కొట్టకూడదు. ఆ పాత తీగల మీద అవతలి నుంచి ఏ చప్పుడు వచ్చినా చదివే గొంతు తెగిపోతుంది. అందుకని నవ్వు వస్తే ఆపుకోవాలి. సీతాబాయి కొంగు నోట్లో కుక్కుకుంటానని చెప్పేది. భాగం పూర్తయ్యాక ముగ్గురూ ఒక్కసారి నవ్వేవాళ్లు. ఆ తర్వాత వాదన.

వాళ్లు ఒకరినొకరు ఎప్పుడూ చూడలేదు.

అమ్మణ్ణి కాకినాడ నుంచి అన్నగారి వెంట ఈ ఊరు వచ్చింది. అన్నకు బదిలీ అయినా తల్లి కదల్లేని స్థితిలో ఉండడంతో తల్లీ కూతుళ్లు ఇక్కడే ఆగిపోయారు. తల్లి మంచం మీద పన్నెండేళ్లు ఉంది. సంబంధాలు వచ్చాయి, తర్వాత రావడం మానేశాయి. తల్లి పోయాక ఆమెకు సాయంత్రాలు చాలా పొడుగ్గా తోచాయి. ఒక్క మనిషికి చారు ఎంత పెట్టాలో తెలియడానికే చాలా రోజులు పట్టింది. అద్దె ఇంటివాళ్లతో నీళ్ల గురించి, పాలవాడి గురించి మాట్లాడుతుంది. మరి దేని గురించి అయినా మాట్లాడేది శుక్రవారాలే.

పదకొండు గంటలకు బోర్డు కాస్త సద్దుమణిగింది. ఆమె దవాఖాన నంబరు తిప్పింది. రామచంద్రం ఇప్పుడు ఆ బోర్డు ముందు లేడు. అదే దవాఖానలో రోగి. గుండె ఉబ్బిందన్నారు. ఆయా సత్తెమ్మ నర్సు బల్ల మీది ఫోనును, తీగ అందినంత దూరం లాగి అతని మంచం దగ్గరికి తెస్తుంది. కిందటి వారం ఆమే గొంతు తగ్గించి చెప్పింది: “డాక్టరు సాబు ఊరికి కబురు పంపమన్నడమ్మా. సారుకు ఎరుక లేదు.”

“పత్రిక వచ్చిందండి,” అంది అమ్మణ్ణి.

“చూసిండ్రా?” గొంతు సన్నబడింది గానీ చిలిపితనం అలాగే ఉంది.

“చూస్తే నియమం ఎక్కడుంటుంది?”

“మీరు మనిషేనా అండి? నేనైతే బస్సులనే ఆఖరి పేజీ చూసేటోణ్ణి.” ఊపిరి కోసం ఆగాడు. “సీతాబాయికి చెప్పున్రి. మంచం తిరగదు. నా మాట రాసి పెట్టుకొమ్మను.”

“ఆవిడ తిరుగుతుందనే అంటోంది. సాయంత్రం ఒకసారి చూడ్డానికి వస్తానండి, ఏమైనా పట్టుకొచ్చి...”

“రాకున్రి. నాల మంచిగున్నది గొంతొక్కటే. అది మీకు ఆడికే వస్తున్నది గద.”

ఆమె నవ్వింది. తీగ లాగేశాక మాత్రం కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఈ మధ్యాహ్నం కుదరకపోతే వచ్చే శుక్రవారం అన్నది లేదు.

పన్నెండు దాటుతుండగా అడ్మినిస్ట్రేషన్ ఆఫీసరు నరసింహమూర్తి ఫోనులోకి వచ్చాడు. “బొంబాయి ట్రంకు కాల్ బుక్ చేశాను. ఏ నిమిషంలోనైనా రావచ్చు. లైన్లు ఖాళీగా ఉంచండి.”

“అలాగేనండి.”

బయటి లైన్లు మూడే. రెండు నవలకు, ఒకటి బొంబాయికి. మధ్యలో ఆఫీసరుకు ఇంకో లైను కావలసి వస్తే? ఆమె ఆలోచించడం మానేసి టిఫిను డబ్బా పక్కకు జరిపింది. సీతాబాయిని పిలిచింది, దవాఖానను పిలిచింది, తీగ కలిపింది.

“అక్కా, జర జల్దీ చదువు. మా సాబు ఇయ్యాల భోజనానికి పోతడో పోడో. పొద్దుటి సంది పరేషానున్న,” అంది సీతాబాయి. “సారూ, ఇంటున్నరా? ఇయ్యాల మీరు ఓడిపోతరు, ఫికర్ చేయకున్రి.”

“చూద్దాం తియ్యి,” అన్నాడు రామచంద్రం. “ఇగ సప్పుడు చేయకున్రి. సత్తెమ్మా, నీక్కూడ చెప్తున్న. డాక్టరొచ్చినా సరే, చదువుడు ఆగొద్దు.”

అమ్మణ్ణి పత్రిక విప్పింది.

“‘భూతం మంచం కోడు గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని తుమ్మింది. ఆ తుమ్ముకు ఎదురుగా వస్తున్న మేఘం ఒకటి పరుపుగా మారి మంచం మీద పడింది. ఇన్నాళ్లకు నీ రోగం ఒక పనికి వచ్చిందోయ్, అన్నాడు నిదానవర్మ కాళ్లు చాపుకుంటూ...’”

లైను మీద నిశ్శబ్దం. సీతాబాయి కొంగు కుక్కుకుని ఉంటుంది. ఆమె చదువుతూనే ఉంది. రెండో పేజీ మధ్యలో మూడో బయటి లైను రెక్క పడింది. బొంబాయి. ఒక వేలు వాక్యం మీద ఉంచి, రెండో చేత్తో ఆఫీసరు గదికి కలిపింది. మళ్లీ అందుకుంది. వినేవాళ్లు ఇద్దరూ అలాగే ఓపిగ్గా ఉన్నారు.

ఇంకో రెండు పేరాలు చదివేసరికి తలుపు దగ్గర నీడ పడింది. నరసింహమూర్తి వంగి, మెట్లకింద తల జాగ్రత్తగా పెట్టి చూస్తున్నాడు. “బొంబాయి వాళ్లు లైన్లో ఆగి ఉన్నారు, రెండు నిమిషాల్నుంచి ఇంకో లైను అడుగుతున్నాను. ఏమిటండీ ఇది? కథల పుస్తకమా?”

అమ్మణ్ణి చదవడం ఆపలేదు. అరచెయ్యి ఎత్తి, ఆగమన్నట్టు ఆయనకు చూపించింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ చెయ్యి ఎవరి ముందూ అలా లేవలేదు. ఆయన ఆ చేతి వంక చూశాడు, పత్రిక వంక చూశాడు.

“రేపు పొద్దున్న నా గదికి వచ్చి సంజాయిషీ ఇవ్వండి,” అని వెళ్లిపోయాడు. గుమ్మం దాటేటప్పుడు తల ఠప్పున కొట్టుకున్న చప్పుడైంది.

“‘అయ్యా, మంచాన్ని తిప్పమని ఏడు దేశాల మాంత్రికుల కాళ్లు పట్టుకున్నారు. మంచం సంగతి వదిలెయ్యండి. తమరే ఇటు తిరిగి కూర్చోకూడదా? అంది భూతం. నిదానవర్మ నోరు తెరిచాడు. ఆ ముక్క ముందే చెప్పి చావకపోయావా? మీరు అడగలేదు, నాకేమో జలుబు, అంది భూతం. యువరాజు జన్మలో మొదటిసారి తిరిగి కూర్చున్నాడు. ఎదురుగా తన మేడ. మేడ మీద వాళ్లమ్మ వడియాలు పెడుతోంది. మంచం తిన్నగా వెళ్లి ఆ వడియాల మీద దిగింది. వేళకే దయచేశారు, వడ్డించేశారు, అంది ఆవకాయ జాడీ.’ అంతేనండి. సమాప్తం.”

సీతాబాయి నవ్వు పగలబడి వచ్చింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. అమ్మణ్ణి కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

“మంచం తిరగలే, మనిషి తిరిగిండు! గిదేం లెక్క అక్కా? సగం నేను గెలిచినట్టా కాదా?”

“మంచం తిరగదనే కదా ఆయన అన్నది. రామచంద్రంగారూ, గెలిచారండి మీరు.”

“ఏంది సారూ, గెలిచి గిట్ల టెక్కు చేస్తున్నరు? మాట్లాడున్రి,” అంది సీతాబాయి.

అమ్మణ్ణి అలవాటు కొద్దీ, “మాట్లాడుతున్నారా?” అంది. తీగ బాగానే ఉంది. అవతల ఎక్కడో గిన్నెల చప్పుడు వినబడుతోంది.

“అమ్మా,” అంది సత్తెమ్మ. “సారు పోయిండమ్మా.”

“ఎప్పుడు?” అంది అమ్మణ్ణి.

“జర సేపాయె. చదువుతున్నరు గద, నడుమ మాట్లాడొద్దని సారు చెప్పిండె. నర్సమ్మను సైగ చేసి పిల్చిన. ఆమె చెయ్యి వట్టి చూసి పోయిండన్నది. ఫోను మాత్రం నేను చెవి కాడికెంచి తియ్యలే.”

“ఎక్కడ... కథలో ఎక్కడ ఉన్నప్పుడు, సత్తెమ్మా?”

సత్తెమ్మ గుర్తు చేసుకుంటోంది. “మొగులు పరుపయింది అంటిరి సూడు, ఆడ నవ్విండు. సప్పుడు గాకుండ, మూతి బిగవట్టి. ఎన్క నవ్వలే.”

అది మొదటి పేజీ.

“ఇన్నడు లే అక్కా,” అంది సీతాబాయి ఏడుస్తూ. “ఫోను చెవి కాడ్నే ఉండె గద. ఇన్నడు.”

బోర్డు మీద రెక్కలు పడసాగాయి. భోజనాలు అయిపోయాయి. అమ్మణ్ణి ఒక్కో రంధ్రంలో తీగ గుచ్చి “నంబర్ ప్లీజ్” అంటూ వచ్చింది. గొంతు రోజులాగే ఉంది. లెక్కల విభాగంలో ఒకాయన, స్టోర్సులో ఒకాయన, మళ్లీ నరసింహమూర్తి. సాయంత్రం ఐదున్నర దాకా ఒక్క నంబరు కూడా తప్పు కలపలేదు.

బాలానగర్ బస్సు దిగి ఆమె దవాఖాన వెతుక్కుంటూ వెళ్లేసరికి వెలుగు ఇంకా ఉంది. పొడుగాటి వరండా, చివర ఆరు మంచాల గది. నేల తుడుస్తున్న పొట్టి మనిషిని, “ఇక్కడ రామచంద్రంగారని...” అని అడిగింది.

ఆ మనిషి తుడవడం ఆపింది. “ఫోనుల అమ్మవు నువ్వే గద.”

“ఆలస్యమైందా, సత్తెమ్మా?”

“నాలుగింటికే తీస్కపోయిండ్రు. కబురు మొన్ననే అందిందట, తమ్ముడు టాక్సీ మాట్లాడుకొని వచ్చిండు. మాట్లాడిచ్చుకుందామని వచ్చిండు పాపం. పీనుగను తీస్కపోయిండు.” చేతులు కొంగుకు తుడుచుకుంది. “ఒక్క చూపన్న దక్కకపాయె నీకు.”

అమ్మణ్ణి తల ఊపింది. మనిషి ఎలా ఉండేవాడని అడగాలనుకుంది. నలుపా, చామనచాయా, కళ్లజోడు ఉండేదా? ఆ ప్రశ్న ఇప్పుడు అడగడం ఎలాగో ఆమెకు తెలియలేదు.

కిటికీ పక్క మంచం మీద పక్కబట్ట తీసేశారు. ఎర్రటి రబ్బరు గుడ్డ ఒకటే ఉంది. నర్సు బల్ల మీదికి ఫోను తిరిగి వెళ్లిపోయింది. గోడ కొక్కేనికి ఏమీ లేదు.

“పెట్టె, బట్టలు, చెంబు అన్నీ సదురుకపోయిండ్రు,” అంది సత్తెమ్మ. “గవి మాత్రం ఇడిసిపెట్టిండ్రు. అవి ఇంకెవలకు పనికొస్తయమ్మా?”

ఆమె తడిగుడ్డతో మంచం కిందికి చూపించింది. అమ్మణ్ణి వంగి చూసింది.

నల్లటి తోలు బూట్ల జత, మడమలు గోడకు ఆనించి పక్కపక్కన ఉన్నాయి. శ్రద్ధగా పాలిష్ చేసి, లేసులు లోపలికి దోపి ఉన్నాయి. ఎడమ బూటు అందరి బూటులాగే ఉంది. కుడి బూటు అడుగున మాత్రం, కురచ కాలికి ఎత్తు కోసం, తోలు మీద తోలు అతికించి మేకులు కొట్టిన అట్ట, నాలుగు వేళ్ల మందాన.