నున్నటి పూత

కుళాయి కింద బిందె పెట్టి నడుము ఎత్తబోయిన మా పిన్ని మీద, నీళ్ల ట్యాంకు అడుగు నుంచి అరచేయి మందం పెచ్చు ఊడిపడింది. బిందె నిండి పొర్లింది. పిన్ని లేవలేదు.

"పడే చోట నిలబడితే పడదా మరి?" అన్నాడు ట్యాంకు మరమ్మతు చేయిస్తున్న కాంట్రాక్టరు.

ఆ ట్యాంకు కట్టి తొంభై ఏళ్లు. పన్నెండు స్తంభాలు, వాటిని నడుముల దగ్గర పట్టి ఉంచే దూలాలు, పైన గిన్నెలాంటి తొట్టి. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. రాతిపలక మీద ఇంజనీరు పేరుంది, తట్టలెత్తిన మా ముత్తవ్వల పేర్లు లేవు. దాని కిందే మా నలభై ఇళ్లు.

చారిత్రక కట్టడమని ఈమధ్యే మరమ్మతు మొదలుపెట్టారు. తుప్పు పట్టిన ఊచ బయటపడేదాకా చెక్కి, తోమి, అప్పుడు కాంక్రీటు పొయ్యాలి. కాంట్రాక్టరు పైపైన పూసెయ్యమన్నాడు. మా నాన్న తాపీమేస్త్రి. ఆయన చెయ్యి పడితే గోడ అద్దమే. పగుళ్లెక్కడున్నాయో తెలియకుండా పూశాడు. ఆ నునుపు చూసి తనిఖీ అధికారి ఆయన భుజం తట్టి సంతకం పెట్టాడు. మేమంతా మురిసిపోయాం. పూత ఆరి నెల కాలేదు, పిన్ని పోయింది.

ఆ సాయంత్రం పనివాళ్లంతా కుళాయి చుట్టూ చేరారు.

"అన్నా, నీ పనితనం భలే. నా ఇల్లు కూడా నున్నగా ఊడ్చేశావు," అన్నాడు బాబాయి.

నాన్న తలెత్తలేదు. "నేను పూసింది నేనే చెక్కుతా. రేపు బాగుచేసిన ట్యాంకు ప్రారంభోత్సవానికి పెద్దలొస్తారు. వాళ్ల కళ్లముందు ఊచ బయటపడితే ఎవడు దాచగలడు?"

"చెక్కితే పని పోతుంది," అన్నాడు సెంట్రింగ్ మామ.

"ఊరుకుంటే తల పోతుంది. ఏది కావాలో నువ్వే ఏరుకో," అంది అవ్వ.

చివరికి మామే అన్నాడు: "ఒక్కడు చెక్కితే నేరం. అందరం ఎక్కుదాం."

పొద్దున పెద్దలు కుర్చీల్లో కూర్చోగానే పదహారు మంది మేస్త్రీలు ఇంకా విప్పని పరంజా ఎక్కారు. సుత్తి తగిలిన చోటల్లా డొల్ల చప్పుడు. పూత పలకలు పలకలుగా రాలింది. లోపల ఊచలు వేలితో నలిపితే పొడి అయ్యేలా ఉన్నాయి.

"చారిత్రక కట్టడాన్ని పగలగొడుతున్నారు, పట్టుకోండి!" కాంట్రాక్టరు అరిచాడు.

పోలీసులు నాన్నను కాలర్ పట్టి దింపారు. కట్టడానికి నష్టం కలిగించారని కేసు.

"మనిషికి కలిగించిన నష్టాన్ని ఏ కేసు కింద రాస్తారు సార్?" బాబాయి అడిగాడు. ముందు అతన్నే వ్యానులోకి నెట్టారు. తర్వాత మిగతావాళ్లను.

పరంజా ఖాళీ అయింది. పైన సగం పూత ఇంకా నున్నగా మెరుస్తోంది. తట్టలు మోసే మేము ఏనాడూ సుత్తి పట్టలేదు. అవ్వ కుచ్చిళ్లు దోపుకుని నిచ్చెన మీద కాలు వేసింది. ఆమె వెనుక నేను, నా వెనుక మా వాడ ఆడవాళ్లు.

"ముందు కింద జనాన్ని పక్కకు జరపండే," అంది అవ్వ. "పెచ్చులు పడతాయి."