పరుగు తర్వాత

మా బాపు కిష్టయ్యకు అబద్ధమాడటం చేతకాదు. అడగనివి కూడా చెప్పేస్తాడు. నేను నేవీ ట్రైనింగ్ మధ్యలో కాలికి సిమెంటు కట్టుతో ఇంటికొచ్చినప్పుడు గల్లీలో అందరికీ ఒకటే కథ చెప్పాడు.

"సెలవు మీద వచ్చింది బిడ్డ. సికింద్రాబాద్ టేషన్ల మెట్లు దిగంగ కాలు మడతవడ్డది. ఎవరో నీళ్ళు గుమ్మరిచ్చిన్రు, చూసుకోలే. గులాబి రంగు చెప్పులేసుకున్నది గద, జారినయ్."

గులాబి రంగు చెప్పుల సంగతి ఎవరడిగారు? నాకు అలాంటి చెప్పులే లేవు.

తలుపు వెనక కూర్చుని అదంతా విన్నాను. కాదని బయటికి వచ్చి చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నప్పుడు ఎవరి అబద్ధమైనా దుప్పటిలా లాక్కుని కప్పేసుకుంటాం. నేనూ కప్పుకున్నాను.

బాపు రాయదుర్గంలో ఒక అద్దాల టవర్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. నేను అగ్నివీర్‌గా ఎంపికయ్యానని తెలిసిన రోజున లోపలికి వచ్చే కార్లకే కాదు, బిర్యానీ తెచ్చిన బండ్లకు కూడా సెల్యూట్ కొట్టాడట. ఆ టవర్‌కు సెక్యూరిటీ ఆఫీసర్ ఉదయ్ భాస్కర్ గారు. భీమిలి దగ్గరి మనిషి, నేవీలో పనిచేసి రిటైరయ్యారు. మీసం దగ్గర్నించి బూటు లేసు దాకా అన్నీ కొలిచి పెట్టినట్టు ఉంటాయి. ఒక్క విషయంలో మాత్రం గార్డులంతా ఆయన వెనక నవ్వుకునేవాళ్ళు. మూడు బేస్‌మెంట్లూ బ్యాటరీ బండి మీదే తిరిగేవారు. "సార్ పెండ్లికొడుకు లెక్క ఊరేగుతడు. నడిస్తే బూటు పాలిష్ పోతది మరి" అని బాపు ఇంట్లో నటించి చూపిస్తే అమ్మా నేనూ పడీ పడీ నవ్వేవాళ్ళం.

ఆ చుట్టుపక్కల టవర్లలో సెక్యూరిటీ ఆఫీసర్లుగా ఉన్న పాత నేవీ వాళ్ళకు ఒక ఆనవాయితీ ఉంది. గేటు మీదా, హౌస్‌కీపింగ్‌లోనూ పనిచేసేవాళ్ళ పిల్లలెవరైనా నేవీకి వెళ్తుంటే రెండో బేస్‌మెంట్‌లోని సెక్యూరిటీ గదికి పిలుస్తారు. మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, సమోసాలు పెట్టి, తలా ఒక బుద్ధిమాట చెబుతారు. కుర్చీలో ఉన్నవాళ్ళు వినాలంతే. ప్రశ్నలు అడగకూడదు. ట్రైనింగ్ అక్కడినించే మొదలైనట్టని వాళ్ళ లెక్క.

నన్నూ అలాగే కూర్చోబెట్టారు. ఓడల మీద వంట చేసిన నరసింహమూర్తి అంకుల్ ముందు చెప్పారు. "అక్కడ తిండి ఎలా ఉందో ఫోన్లో మీ అమ్మకు చెప్పకమ్మా. నువ్వు మర్నాటికి అలవాటు పడిపోతావు, ఆవిడ మాత్రం నెల్లాళ్ళు ఏడుస్తుంది." ఇంజన్ గదిలో పనిచేసిన ఆంజనేయులు అంకుల్, నిద్ర ఎక్కడ దొరికితే అక్కడ పొమ్మన్నారు, నిలబడైనా సరే. చివర్న ఉదయ్ భాస్కర్ సార్ లేచారు. ఆయన చెప్పబోయే పరుగు కథ అందరికీ తెలుసు, అయినా మళ్ళీ వినాలని ఎదురుచూస్తున్నారు.

ట్రైనింగ్‌లో ఉండగా కొండదారిలో పరుగు పందెం. వాళ్ళ జట్టుకూ పక్క జట్టుకూ పోటీ. సగం దూరంలో ఆయన పాదంలో ఎముక విరిగింది. "విరిగిన చప్పుడు నా చెవులతో విన్నానమ్మా. ఆగానా? ఆగలేదు. గీత దాటాకే పడ్డాను. కప్పు మాదే." అందరూ చప్పట్లు కొట్టారు. బాపు కళ్ళు తుడుచుకున్నాడు. సార్ నా వైపు వంగి గొంతు తగ్గించారు. "ఒంట్లో బాగోలేదని వరసలోంచి పక్కకి వెళ్ళడాన్ని సిక్ రిపోర్ట్ అంటారు. నువ్వది చెయ్యకు. అందులోనూ ఆడపిల్లవి. ఒక్కసారి పక్కకి వెళ్ళావంటే, వీళ్ళింతే అంటారు."

ఆ మాట నాకు సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. నాకసలే పౌరుషం ఎక్కువ.

ట్రైనింగ్‌లో కొన్ని వారాలకే కుడికాలి మోకాలి కింద, ముందు ఎముకలో నొప్పి మొదలైంది. రోజూ పొద్దున్నే ఇన్‌స్ట్రక్టర్ మేడమ్ అడిగేది, నొప్పులున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఇద్దరు ముగ్గురు చేతులెత్తేవాళ్ళు. వాళ్ళను చూసి నేను లోపల్లోపల వెక్కిరించుకునేదాన్ని. నా చెయ్యి మాత్రం లేచేది కాదు. సాక్సు కింద గుడ్డ బిగించి కట్టుకుని పరుగెత్తాను. ఒకరోజు పరేడ్‌లో మడమ నేలకేసి కొట్టగానే లోపల కటుక్కుమంది. సార్ చెప్పిన చప్పుడు ఇదేనన్నమాట అనుకున్నాను. గర్వపడాలని చూశాను. ఈలోపే కిందపడి, అందరి ముందూ అమ్మా అని అరిచాను.

ముందే చెప్పి ఉంటే కొన్నాళ్ళ విశ్రాంతితో పోయేదని డాక్టరమ్మ అంది. ఎందుకు చెప్పలేదని అడిగితే గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఎముక అతికాక వచ్చి తర్వాతి బ్యాచ్‌తో మొదటినించీ చేరమని ఇంటికి పంపారు. నా పక్క మంచాల వాళ్ళు పరేడ్‌కు బూట్లు తుడుచుకుంటుంటే నేను పెట్టె సర్దుకున్నాను.

ఇంటికొచ్చిన మొదటి రోజే బాపుతో చెప్పేశాను, ఇక పోనని. "ఏ మొఖం పెట్టుకొని పోవాలె? నాకన్న చిన్నోళ్ళతోని మల్ల మొదటికెల్లా?" బాపు బయటికెళ్ళి గులాబి రంగు చెప్పుల కథ మొదలుపెట్టాడు.

కట్టు తీశారు. కుంటుతూ నడుస్తున్నాను. అప్పుడు బాపు చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"సాయమ్మ బిడ్డ సుష్మ లేదూ, గా పిల్లకు కూడ నేవీల వచ్చింది. సార్ రూముకు పిలుస్తుండు. నిన్ను గూడ తీస్కరమ్మన్నడు, రెండు మాటలు చెప్తదని."

"నేనేం చెప్పాలె బాపూ? మెట్ల మీద పడ్డ ముచ్చటనా?"

"జర రా బిడ్డా. రాకుంటే సార్‌కు అనుమానమొస్తది. నా ఇజ్జత్ పోతది."

వెళ్ళాను. అదే గది, అదే కుర్చీ. సుష్మ అందులో కోడిపిల్లలా ముడుచుకుని కూర్చుంది. వాళ్ళమ్మ సాయమ్మ హౌస్‌కీపింగ్ యూనిఫారంతోనే గోడకు ఆనుకుని నిలబడింది. నన్ను చూడగానే సుష్మ మొహం వెలిగిపోయింది. "నిన్ను చూసే ఫారం నింపినక్కా" అంది. ఆ మాటకు నాకు నేల చీలి లోపలికి పోతే బాగుండనిపించింది.

మూర్తి అంకుల్ తిండి సంగతి చెప్పారు. ఆంజనేయులు అంకుల్ నిద్ర సంగతి చెప్పారు. సార్ లేచారు. కొండదారి, పక్క జట్టు, సగం దూరం. సుష్మ నోరు తెరుచుకుని వింటోంది. ఎముక విరిగిన చప్పుడు దగ్గరికొచ్చేసరికి నా కాలు దానంతటదే లాగింది. గీత దాటారు, పడ్డారు, కప్పు గెలిచారు. చప్పట్లు. సార్ సుష్మ వైపు వంగారు. ఆడపిల్లవి అన్న మాట ఇంకా ఆయన నోట్లో ఉండగానే నేను అడిగేశాను.

"తర్వాత ఏమైంది సార్?"

ఆ గదిలో ఎవరూ ప్రశ్న అడగరు. సార్ నావైపు తిరిగారు. "తర్వాతేముందమ్మా, కప్పు మాకే..."

"కప్పు కాదు సార్. కాలు. కాలేమైంది?"

బాపు వెనకనించి నా చున్నీ పట్టుకుని లాగాడు. నేను ఆగలేదు. "నా కాలు మెట్ల మీద విరగలే సార్. ట్రైనింగ్‌ల విరిగింది. నొప్పున్నదని ఒక్కనాడు గూడ చెప్పలే. మీరు చెప్పద్దన్నరని చెప్పలే. ఇంటికి పంపిన్రు. గీ పిల్లకు గూడ అదే చెప్తున్నరు."

మూర్తి అంకుల్ సమోసాల పళ్ళెం వైపు చూస్తూ ఉండిపోయారు. సార్ కాలి సంగతి ఆయనకు ముందునించీ తెలుసని అప్పుడర్థమైంది.

సార్ టోపీ తీసి బల్ల మీద పెట్టారు. "ఎముక వంకరగా అతుక్కుంది" అన్నారు. ఆ గొంతు పరుగు కథ చెప్పే గొంతు కాదు. "ఓడ మీద పనికిరానని తేల్చారు. ఒడ్డు మీద స్టోర్స్‌లో వేశారు. దుప్పట్లూ బూట్లూ పంచిపెట్టాను, ఉన్నన్నాళ్ళూ."

అప్పుడు తట్టింది నాకు. ఆయన ఎన్నడూ సముద్రం గురించి చెప్పలేదు. మూర్తి అంకుల్ తుఫానులో సాంబారు కాచిన సంగతి చెప్తారు, ఆంజనేయులు అంకుల్ దూరదేశపు రేవుల గురించి చెప్తారు. సార్‌కు ఉన్నదల్లా ఆ ఒక్క పరుగే.

సార్ టోపీ అక్కడే వదిలేసి బయటికి నడిచారు. బ్యాటరీ బండి తలుపు పక్కనే ఉంది. దాన్ని ఎక్కలేదు. కార్లు ఎక్కే వాలుదారి వెంబడి పైకి నడిచారు. ఒక మడమ నేలకు సరిగ్గా ఆనడం లేదు. అడుగడుగుకూ ఒక పక్కకు ఒరుగుతున్నారు. "సార్ నడుస్తుండు" అన్నాడు బాపు మెల్లగా. పెండ్లికొడుకు ఊరేగింపని నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చి నేను తలొంచుకున్నాను.

నిజం చెప్పేశానన్న సంతోషం ఏమాత్రం లేదు. మా ఇంట్లో పొయ్యి వెలిగించే ఉద్యోగం ఆయన ఇప్పించిందే. అలాంటి మనిషిని అందరి ముందూ బట్టలూడదీసి నిలబెట్టినట్టయింది. బాపుని కూడా. ఇంటికి వస్తుంటే బాపు గల్లీ మొదట్లో ఆగి, "గులాబి రంగు చెప్పులని ఎందుకన్ననో ఏమో" అని తనలో తనే గొణుక్కున్నాడు.

మర్నాడు సుష్మ వచ్చింది. గడపలోనే కూర్చుని అడిగింది. "నొప్పున్నదని చెప్తే ఏమంటరక్కా?"

"ఏమనరు. పక్కకు నిలబెడతరు. డాక్టర్‌కు చూపిస్తరు."

"మరి నువ్వెందుకు చెప్పలే?"

"సిగ్గైంది."

"ఇప్పుడు పోనంటున్నవు గద, అది ఎందుకు?"

అదే సిగ్గు. అప్పుడు కాలు విరగ్గొట్టింది, ఇప్పుడు మొత్తంగా ఇంట్లో కూర్చోబెడుతోంది. ఆ పిల్ల వెళ్ళాక పెట్టె కిందకి దించాను. సిగ్గు పోయిందని కాదు. దాన్ని కూడా సర్దుకున్నాను.

డాక్టర్లు చూసి సరేనన్నారు. సుష్మా నేనూ ఒకే బండికి బయల్దేరాం. స్టేషన్‌కు మూర్తి అంకుల్, ఆంజనేయులు అంకుల్ సమోసాలతో వచ్చారు. వాళ్ళ వెనక, మెట్ల రెయిలింగ్ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతూ ఉదయ్ భాస్కర్ సార్. చూసి బాపు బెంచీ మీదనించి గబుక్కున లేచి అటెన్షన్‌లో నిలబడ్డాడు.

సార్ ఏ బుద్ధిమాటా చెప్పలేదు. బండి వస్తోందని మైకులో చెబుతుండగా అడిగారు. "కాలెలా ఉందమ్మా?"

"కుదిరింది సార్. పొద్దుగాల జర లాగుతది. అది గూడ డాక్టర్లకు చెప్పిన."

ఆయన తలూపారు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"మీదెట్లున్నది సార్?"

"సరితా!" అని గద్దించాడు బాపు.

సార్ మా అందరినీ చూశారు. పోర్టర్లు, ప్రయాణికులు, సమోసాల పొట్లం పట్టుకున్న పాత స్నేహితులు, అందరూ వినేలాగే చెప్పారు.

"నొప్పిగా ఉందమ్మా."

సార్ ముందు ఎప్పుడూ కూర్చోని బాపు బెంచీ మీద కూలబడి, ఒక పక్కకు జరిగి, ఆయనకు చోటిచ్చాడు.