మూడు వందల పన్నెండు మంది కిష్టప్పలు

మా మనవరాలు పూజితకు కోపం రావడం నేను ఒక్కసారే చూశాను. ఆ రోజు కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్లు మరిగి, చేపలు ఉడికిన వాసన ధారూరు దాకా కొట్టింది. నమ్మకపోతే మీ ఇష్టం.

వికారాబాద్‌లో కంప్యూటర్ నేర్చుకుంటూ పూజిత సి భాషలో ఒక ప్రోగ్రాం రాసింది. తాండూరులో ఒక పప్పుమిల్లు ముందు కందుల బస్తాలతో వరుస కట్టే రైతుల పేర్లు అందులో ఎక్కిస్తే, గోడమీది తెర ఒక్కొక్కరినే తూకానికి పిలుస్తుంది. ఎంతమంది వస్తారో ముందుగా తెలియదు కాబట్టి, పేర్లు పెరిగేకొద్దీ జాబితా కూడా పెరుగుతుంది. తోటి విద్యార్థి విజయ్‌కుమార్ దాన్ని ఎత్తుకుపోయి, తన పేరు తగిలించి మిల్లుకు ఇచ్చేశాడు. ఇదేమిటని అడిగితే, "మేకలు కాసేటోళ్లకు కంప్యూటర్ ఎందుకే?" అన్నాడట క్లాసులో అందరి ముందు.

పూజిత ఆ పూట అన్నం ముట్టలేదు.

"నడువు బిడ్డా, మిల్లోళ్లకు చెప్పి వద్దాం," అన్నాను.

"వద్దు తాతా. వాని నోటితోనే చెప్పిస్త. తెలివి చూపియ్యనీకి నా ప్రోగ్రాంల ఒక ముక్క పీకేసిండు. క్లాసుల చూపియ్యంగ చూసిన."

"ఏం పీకిండు?"

"మన దొడ్డికి తలుపు ఒక్కటే కదా? మేక తలుపు కాడికి రాంగనే లోపటికి తోలి, దాని గుంజకు దాన్ని కడ్తం. నేను గట్లనే రాసిన. టైపు కొట్టిన ప్రతి పేరు ముందుగాల ఒక్క చోటుకే వస్తది. ఆడికెళ్లి దాన్ని వేరే జాగల నకలు రాసుకోవాలె. ఒక్క పేరు రెండు చోట్ల దండుగ అని వాడు నకలు తీసేసిండు. తాళ్లన్నీ తలుపు కాడనే కట్టిండు."

"కడితే?"

"ఏ తాడు గుంజినా, ఆఖర్ల తలుపు కాడ నిలబడ్డ మేకనే వస్తది."

"వాడు చూసుకోలేదా మరి?"

"చూసుకున్నడు. ఐదుసార్లు వాని పేరే కొట్టి చూసిండు. ఐదుసార్లు విజయ్‌కుమారే వచ్చిండు. మురిసిపోయిండు."

మొదటి తూకం రోజున నేను సంచెడు కందులు నెత్తిన పెట్టుకున్నాను. ఇద్దరం ధారూరులో రైలెక్కి తాండూరులో దిగాం. పది గంటల దాకా పేర్లు ఎక్కించుకుని, నంబరు చీటీలిచ్చి, గేటు మూసి తూకం మొదలుపెడతారు. అందరూ రాయించుకునే దాకా పూజిత నా చెయ్యి వదల్లేదు. అప్పుడు ముందుకు తోసింది.

"మేకల కిష్టప్ప, కోట్‌పల్లి," అన్నాను. కంప్యూటర్ ముందు కూర్చుని పేర్లు ఎక్కిస్తున్న విజయ్‌కుమార్ నవ్వుకుంటూ కొట్టాడు. మూడు వందల పన్నెండో పేరు నాదే. గేటు మూశారు.

తెర వెలిగింది. ఒకటో నంబరు, మేకల కిష్టప్ప. నేను మీసం దువ్వుకుంటూ వెళ్లాను. రెండో నంబరు, మేకల కిష్టప్ప. మూడోదీ, నాలుగోదీ కిష్టప్పే. మర్పల్లి నుంచి వచ్చిన తాజ్ మొహమ్మద్ చేతిలో నాలుగో నంబరు చీటీ ఉంది.

"అరే భాయ్, పొద్దుగాల తాజ్ మొహమ్మద్‌గా ఇంట్లకెళ్లి బయల్దేరిన. ఇప్పుడు కిష్టప్పనై పోతే మా అష్రఫున్నీసా ఇంట్ల రానిస్తదా?"

వరుసంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుకు మిల్లు రేకులు లేచి కర్ణాటకలో పడ్డాయంటారు.

మేనేజరు జ్యోతిరాణి బయటికొచ్చింది. "విజయ్‌కుమార్, నువ్వేనా ఇది రాసింది?"

విజయ్‌కుమార్ చొక్కా తడిసిపోయింది. పక్కకు జరిగి, "పూజితా, జర చూడవా, నీ కాళ్లు మొక్కుతా," అన్నాడు.

"నాకేం తెలుసు? మేకలు కాసేటోళ్లం. ఎవరు రాసిన్రో మైకుల చెప్పు."

మైకు పట్టుకున్నాడు. "గీ ప్రోగ్రాం... పూజిత రాసింది. నేను... దొంగిలించిన."

"ఆఖరోళ్లకు ఇనవడలే!" అని అరిచాడు తాజ్ మొహమ్మద్. మళ్లీ చెప్పాడు.

పూజిత కూర్చుని, తీసేసిన ముక్కను రెండు నిమిషాల్లో తిరిగి రాసింది. జ్యోతిరాణి తెరమీద విజయ్‌కుమార్ పేరు చెరిపించి, పూజిత పేరు పెట్టించింది.

"పాత పేర్లు?" అన్నాడు వాడు.

"నకలు లేదు కదా, అన్నీ పోయినయి." పూజిత వాడి చేతిలో ఒక నోటుబుక్కు, పెన్సిలు పెట్టింది. "వరుస పొడుగునా పోయి అడిగి రాసుకరా. ఒక్కరు తప్పినా ఊరుకోను."

వాడు ఎండలో బయల్దేరాడు. "పేరు చెప్పుండ్రి," అన్నాడు తాజ్ మొహమ్మద్‌తో.

"కిష్టప్ప!"

వెనకవాడూ "కిష్టప్పే!" అన్నాడు. ప్రతి మనిషినీ నాలుగైదు సార్లు బతిమాలితే గాని అసలు పేరు రాలలేదు.

నా తూకం ఎప్పుడో అయిపోయింది. "ఇంటికి పోదమా బిడ్డా?" అన్నాను.

పూజిత బస్తాల నీడలో కాళ్లు చాపుకుని కూర్చుంది. "ఆగు తాతా. ఇంకా నూట ఎనబై మంది ఉన్నరు."