పది దగ్గర ఆగాలి

ఇనెస్ మడమ గాల్లోనే ఆగిపోయింది. "మళ్ళీ నా అడుగుకి అడ్డం వచ్చావు," అంది గిటార్ వాయిస్తున్న వాసవితో. "శనివారం ఇంకొక్కసారి చూస్తా. కుదరకపోతే ఆ కుర్చీలో స్పీకర్ పెట్టుకుని ఆడతా."

కెనడాలోని హాలిఫాక్స్‌లో ఇనెస్ నేర్పే ఫ్లామెంకో అనే స్పానిష్ నాట్యం క్లాసులో గిటార్ వాయించేవాళ్ళకి కుర్చీ ఒక్కటే. కాలేజీ, కాఫీ షాపు షిఫ్టులు పోగా వాసవికి తనదంటూ ఉన్నదీ అదొక్కటే. తప్పేదో తెలిస్తే దిద్దుకుంటుంది. తెలియడం లేదు. పన్నెండు దెబ్బలు ఒక చుట్టు. లెక్క ఎక్కడా పోవడం లేదు. రాజమండ్రిలో వీణ టీచరు తొడ మీద తాళం వేయించి మరీ ఎక్కించిన లెక్క అది.

అవతలి ఒడ్డున డార్ట్‌మత్‌లోని ఇంటికి వెళ్ళే ఫెర్రీలో రూమ్మేట్ రూపకి చెప్పుకుంది. రూపది కరీంనగర్. సంగీతం రాదు, మొహమాటం అసలే రాదు.

"ఏదీ, కొట్టి చూపియ్."

వాసవి తొడ మీద పన్నెండూ కొట్టి, తిరిగి ఒకటి దగ్గర గట్టిగా చరిచింది. పక్క సీటాయన తలెత్తి చూశాడు.

"ఒకటి మీద గంత కోపమేందే?"

"కోపం కాదే. పాట వచ్చి వాలేది అక్కడే కదా. సమం."

"ఎవరు చెప్పిండ్రు? ఆ మేడమా?"

ఇనెస్ చెప్పలేదు. చెప్పింది వీణ టీచరు.

ఫోన్‌లో క్లాసు వీడియో పెట్టింది. ఈసారి తన వేళ్ళు వదిలేసి ఇనెస్‌ని చూస్తూ లెక్కపెట్టింది. పది దగ్గర ఇనెస్ భుజాలు దిగుతున్నాయి. ఆమె చెప్పాల్సింది అక్కడ అయిపోతోంది. పదకొండు, పన్నెండు ఊపిరికి. ఒకటి నుంచి కొత్త మాట. వాసవేమో ఆ ఊపిరిని తొక్కుకుంటూ పోయి, ఆవిడ కొత్త మాట ఎత్తుకునే చోట తన పాత మాట ముగిస్తోంది.

"నాతోని గూడ గట్లనే చేస్తవ్," అంది రూప. "నేను మాట్లాడుడు షురూ చేసినంక నీది అయిపోతది."

"అదేం లేదు, నేనెప్పుడూ..." రూప ఇంకా ఏదో అనబోతుంటే అందుకుంది వాసవి.

"చూడు మల్ల."

తాళం తప్పకపోతే చాలనుకునేవాళ్ళని గోడ గడియారం కింద కూర్చోబెట్టాలి. అదీ తాళం తప్పదు. దాని టిక్కుటిక్కుకి ఎవరూ ఆడరు.

శనివారం వాసవి వెళ్ళేసరికే కుర్చీలో స్పీకర్ ఉంది. దాన్ని తీసి నేల మీద పెట్టి కూర్చుంది. వాయించింది. పది దగ్గర వేళ్ళు ముందుకు లాగాయి. అరచెయ్యి తీగల మీద ఆనించి ఆపేసింది. ఆ ఖాళీలో ఇనెస్ ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు ఉందనే తెలియదు. తర్వాత మడమలు పడ్డాయి, సరిగ్గా, ఎవరూ అడ్డం లేకుండా. మధ్యలో ఒకసారి వేలు జారి పదకొండులోకి పోయింది. ఇనెస్ ఆగలేదు.

అయ్యాక మెచ్చుకోనూ లేదు. స్పీకర్ వైరు చుట్టి బ్యాగులో పడేసింది. "వచ్చే వారం కాస్త ముందు రా. కొత్తది మొదలుపెడదాం."

వాసవికి ఒక్కసారిగా ఆకలేసింది.

ఫెర్రీలో రూప పులిహోర డబ్బా చేతికిచ్చి, తన మేనేజర్‌ని తిట్టడం మొదలుపెట్టింది. వాసవి తింటూ విన్నది. తిట్లు అయిపోయాయి. ఇంకాస్త ఆగింది.

"కుర్చీ నాదేనే," అంది.